పన్నెండో బిళ్ళ

దయ్యాలున్నాయని నా ముందు ఎవరైనా అంటే వాళ్ళకు ఆ పూట అన్నం అరగనిచ్చేదాన్ని కాదు. నల్లగొండలో ఒక కాలేజీలో ఇరవై నాలుగేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. మా క్లాసు పిల్లకు గాలి సోకిందని వాళ్ళింట్లో వేపమండలు పట్టుకుంటే, నేను చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను. రక్తం తక్కువుందన్నారు, మాత్రలిచ్చారు, గాలి పోయింది. ఎవరో ఉరేసుకున్న ఇల్లని జనం దిగడానికి భయపడితే, అదే ఇంట్లో కిరాయికి దిగి ఆరేళ్ళు ఉన్నాను. ఆ ఇంట్లో నన్ను పీడించింది నీళ్ళ మోటారు ఒక్కటే.

ఇప్పుడూ నమ్మను. కానీ ఆ మాట ఇదివరకటంత గట్టిగా అనలేకపోతున్నాను. ఎందుకో రాస్తాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. ఎక్కడైనా నా లెక్క తప్పితే చెప్పండి, సంతోషిస్తాను. నిజంగానే సంతోషిస్తాను.

కొందరు నాణేలు ఏరుకుంటారు, కొందరు తపాలా బిళ్ళలు. నేను గుర్రాల సొమ్ములు ఏరుకుంటాను. రాచకొండ, దేవరకొండ కోటలు నిండుగా ఉన్న రోజుల్లో గుర్రం రొమ్ము మీదుగా ఒక తోలుపట్టీ వేసేవాళ్ళు. దానికి వరసగా ఇత్తడి బిళ్ళలు వేలాడేవి. అరచేతిలో సగం ఉంటాయి. పైన కొక్కెం, మధ్యలో ఆ దొర తాలూకు గుర్తు: పక్షో, పందో, కత్తో. దుమ్ములో ఏ గుర్రం ఎవరిదో ఆ గుర్తును బట్టి తెలిసేది. దున్నుతుంటే పొలాల్లో బయటపడతాయి, లేదంటే పాత ఇనుప సామాను దుకాణాల్లో గిన్నెలూ చెంబుల మధ్య కరగడానికి సిద్ధంగా ఉంటాయి.

"గుర్రం లేదు, బండి లేదు, నీకెందుకే గీ సొమ్ములు" అని మా తమ్ముడు నర్సింహ ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. వాడికి జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

తెలంగాణ వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, దసరా సెలవులకు ముందు, నార్కట్‌పల్లి నుంచి ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. రోడ్డు పక్కన పాత సామాను దుకాణం ఆయనది. గుర్రం వస్తువు కనబడితే కొలిమికి పంపకుండా నాకోసం ఆపుతాడు.

"మేడమ్, జర జల్దీ రాండ్రి. మీ గుర్రపోల్లు వచ్చిండ్రు."

పోయి చూస్తే గోనెసంచిలో ఒకే రకం బిళ్ళలు పదకొండు. ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ముందుకాలు ఎత్తిన సింహం, దాని నెత్తి మీద నెలవంక. ఇంతవరకు నాకు దొరికినవన్నీ ఒంటి బిళ్ళలు. ఒకే పట్టీకి చెందినవి ఇన్ని కలిసి దొరకడం నేను వినలేదు. ఏదో దొరల గడీ కూలగొడుతూ అమ్మిన సామానట. ఏ గడీ అని అడిగితే ఖాజా భాయ్ నవ్వాడు. "అమ్మినోల్లే చెప్పలే మేడమ్. నేను అడిగితే మల్ల నా దుకాణానికి వస్తరా?"

ఇంటికి తెచ్చి ఒక్కొక్కదాన్నీ తూచాను, ఫోటో తీశాను, దారంతో చీటీ కట్టాను, రిజిస్టరులో రాశాను. రెండు సంగతులు గమనించాను. ఒకటి, ప్రతి బిళ్ళ వెనక ఉలితో కొట్టిన గీతలున్నాయి: ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు, అలా పన్నెండు దాకా. పట్టీకి ఏ వరసలో గుచ్చాలో తెలియడానికి. ఏడు గీతలది లేదు. "ఏడవ బిళ్ళ లేదు" అని రిజిస్టరులో రాసుకున్నాను. రెండోది, చిలుము కింద, సింహం కాళ్ళ సందుల్లో, ఎర్రరంగు. పదకొండింటిలోనూ అదే ఎరుపు. గుర్తుతో పాటు ఒక్కో దళానికి ఒక్కో రంగు ఉండేదని నేను పదేళ్ళ కింద ఒక సభలో అంటే ఒక పెద్దాయన "మీరు చీరల గురించి మాట్లాడుతున్నారా?" అన్నాడు. సభంతా నవ్వింది. ఆ నవ్వుకు జవాబు ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

అమ్మ నా దగ్గరే ఉండేది. పేరు లచ్చమ్మ. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. పుట్టిన తేదీ రాసిపెట్టే ఇంట్లో పుట్టలేదు. ఆ మధ్యాహ్నం నిద్రలేచి వచ్చింది, నేను పేపరు పరిచి పేర్చిన బిళ్ళల ముందు మెల్లగా కూలబడింది. తర్వాత వేలితో ఒక్కొక్కదాన్నే ముట్టుకుంటూ పోయింది.

"కుక్కబిళ్ళలు" అంది. "పదకొండే ఉన్నయి."

కుక్కబిళ్ళ కథ వినకుండా మా ఇంట్లో ఎవరూ పెరగలేదు.

అమ్మ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కేతేపల్లి దిక్కు ఒక ఊరి గడీలో వెట్టికి పోయేది. ఊరి పేరు రాయను, ఆ దొర మనుమలు ఇప్పుడు మర్యాదస్తులు. అమ్మ పని ఇత్తడి తోమడం. బిందెలు, తాంబాళాలు, దీపపు కుందులు. ఏడాదికోసారి దసరాకు దొర గుర్రానికి కట్టే పాత పట్టీ బిళ్ళలు. వాటి మీద కుక్క బొమ్మ ఉండేదని చెప్పేది. చింతపండు పిప్పి, బూడిద పెట్టి తోమాలి. మొహం కనబడేటట్టు మెరవకపోతే దొరసాని చెప్పుతో కొట్టేది.

ఒక దసరాకు తోమి ఆరబెట్టిన బిళ్ళలు లెక్కపెడితే పన్నెండుకు పదకొండే ఉన్నాయి. బావి గట్టు వెతికారు, బూడిద జల్లించారు, అమ్మ బట్టలు విప్పించారు. దొరకలేదు. మా తాతను పిలిపించి గడీ వాకిట్లో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. పొద్దెక్కినప్పటి నుంచి పొద్దు వంగేదాకా. ఆ తర్వాత తాత చనిపోయేదాకా నిటారుగా నడవలేదు. అమ్మకు దొంగ లచ్చి అని పేరు పడింది. పెళ్ళయి వేరే ఊరు పోయినా ఆ పేరు వెనకాలే వచ్చింది. బడిలో నన్ను దొంగ లచ్చి బిడ్డ అనేవాళ్ళు.

"నేను తియ్యలే బిడ్డా" అనేది అమ్మ. ఎవరూ అడగకపోయినా అనేది. అన్నం వడ్డిస్తూ అనేది, బట్టలు పిండుతూ అనేది.

ఆ కుక్క సింహమని, ఆ బిళ్ళలు నేను ఏరుకునే జాతివేనని నాకెప్పుడూ తట్టలేదు. గుర్రాల మీద ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, మా ఇంటి గుర్రాన్ని గుర్తుపట్టలేకపోయాను.

అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఫోన్లో రికార్డు ఆన్ చేశాను. పట్టీ తోలు ఏ రంగు? బిళ్ళలు ఎంతెంత దూరం? గుర్రం మెడకు కూడా ఉండేవా? వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో సాక్ష్యం చెప్పే మనిషి దొరకడం మా పనిలో పండగ. అమ్మ రెండు మూడింటికి జవాబు చెప్పి నా వైపు చూసింది.

"నీ ధ్యాసంత గుర్రం రొమ్ము మీదనే ఉన్నది. మీ తాత ఈపు మీద లేదు."

ఆ మాట ఇంకా నా ఫోన్లో ఉంది.

మర్నాడు సెలవులకు ముందు ఆఖరి పనిదినం. బిళ్ళలు బల్ల మీదే వదిలి కాలేజీకి పోయాను. సాయంత్రం గేటు తీసేసరికి వాకిట్లో చింతపండు వాసన. అరుగు మీద పదకొండు బిళ్ళలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఎండకు బంగారంలా మెరుస్తున్నాయి. చిలుము లేదు. పుల్లతో గీరినట్టుంది, సందుల్లో ఎరుపు కూడా లేదు. చీటీలు విప్పి ఒక పక్కన పెట్టింది. అమ్మ చేతులు మోచేతుల దాకా బూడిద.

పాత వస్తువును కడగకూడదు. ఈ పనిలో మొదటి రోజు నేర్చుకునేది అదే. ఇక మన ఇళ్ళలో ఆడపిల్ల మొదట నేర్చుకునేది, ఇత్తడి నల్లగా కనబడితే చింతపండు తీసుకోవడం.

"నల్లగున్నయి గదనే" అంది అమ్మ. "దసరా ఆయె. నల్లగుంటే తంతరు."

నాకు ఆ పెద్దాయనా, ఆ సభా, ఆ నవ్వూ తప్ప ఇంకేమీ కనబడలేదు. వీధంతా వినబడేటట్టు అరిచాను. అన్నదాంట్లో చాలా మరిచిపోయాను. ఒక్క మాట మాత్రం మరవలేదు.

"ఆనాడు ఒక్కటి మింగినవ్, ఇయ్యాల పదకొండు గిట్ల జేసినవ్!"

ఆ అభాండాన్ని అమ్మ మీద అరవై అయిదేళ్ళలో ఊరంతా వేసింది. కన్నబిడ్డ వేయడం అదే మొదలు. అమ్మ కోపం తెచ్చుకోలేదు. నీళ్ళ తొట్టి దగ్గరకు పోయి చేతులు కడుక్కుంది. ఆ తర్వాత "నేను తియ్యలే" అనడం మానేసింది. మళ్ళీ నా ముందు ఆ మాట అనలేదు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

ఆ సాయంత్రమే పాడైన పదకొండు బిళ్ళలకూ మళ్ళీ ఫోటోలు తీశాను. కోపంతో తీశాను, ఎంత నష్టం జరిగిందో రుజువు ఉండాలని. వాటిని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. అమ్మ మళ్ళీ ముట్టుకోకుండా తాళంచెవిని మర్నాడే, సెలవైనా సరే, కాలేజీకి తీసుకుపోయి స్టాఫ్ రూంలో నా బీరువాలో పెట్టాను. తాళానికి వచ్చిన రెండో చెవి కూడా దాంతోనే. ఆ ఒక్క రాత్రి చెవులు నా దిండు కింద ఉన్నాయి, ఒప్పుకుంటాను.

అందుకే డిసెంబరు సంగతి చెప్పాలి. డిసెంబరులో పెట్టెను కాలేజీకి తీసుకుపోయి తెరిచాను. తోమడంలో ఎంత బరువు తగ్గిందో తూచాలనుకున్నాను. పదకొండు ఉన్నాయి. తూకాలు రాసి, నాతో పాటు తూచిన కెమిస్ట్రీ ల్యాబు ఆవిడతో సంతకం చేయించాను. మళ్ళీ తాళం వేశాను, చెవులు బీరువాలో, పెట్టె ఇంట్లో. పెట్టెను కాలేజీలో వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం.

జనవరిలో అమ్మకు ఆయాసం ఎక్కువై దవాఖానలో చేర్పించాం. ఆఖరి వారం మనిషి మనలో లేదు. కుడిచేయి మాత్రం ఊరుకునేది కాదు. మంచం అంచును తోముతూ ఉండేది, గుండ్రంగా, లోపలి నుంచి బయటికి. నర్సు చూసి "అవ్వ ఏం జేస్తుంది?" అంది. "పని" అన్నాను.

చనిపోయే ముందురోజు పదకొండు గంటలప్పుడు కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"పన్నెండు అయినయా బిడ్డా?"

అయ్యాయమ్మా అంటే నా సొమ్మేం పోయేది? కానీ సరైన లెక్క చెప్పడం నాకు వృత్తి.

"లేదమ్మా. పదకొండే."

అమ్మ కాసేపు ఆలోచించినట్టుంది. "మల్లొకసారి సూడు" అంది. అదే ఆఖరి మాట.

పదకొండో రోజు దినం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, చుట్టాలు లేచారు. నర్సింహ చెయ్యి కడుక్కుంటూ నా దగ్గరకొచ్చాడు.

"అక్కా, అమ్మను తిట్టినవట గదా, గా బిళ్ళలేందో జర సూపియ్ నాక్కూడ."

"ఎవరు చెప్పిండ్రు?"

"అమ్మనే ఫోన్ల ఏడ్చింది."

ఏడ్చిందని నాకు తెలియదు. వాడితో వాదించడానికి ఆ రోజు నాలో బలం లేదు. వాడి బండి మీదే కాలేజీకి పోయాం, బీరువా తీసి చెవులు తెచ్చాం. అటెండరు కూడా పక్కనే ఉన్నాడు. పెట్టె నా మంచం కింద ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది, మూత మీద రెండు నెలల దుమ్ము. నర్సింహే లాగి, అరుగు మీదకు మోసుకొచ్చాడు. తాళం నేనే తీశాను.

మొదట వాసన వచ్చింది. నానిన చింతపండు వాసన. నర్సింహ కూడా తల వెనక్కి తీశాడు.

పదకొండు బిళ్ళలు గుడ్డ మీద నేను పెట్టినట్టే ఉన్నాయి. తోమి నాలుగు నెలలైంది కదా, మెరుపు పోయి మళ్ళీ మసకబారాయి. ఆరోదానికీ ఎనిమిదోదానికీ మధ్య, నేను ఖాళీగా వదిలిన చోట, ఒకటి మెరుస్తోంది. నా మొహం కనబడేటట్టు మెరుస్తోంది. తడిగా ఉంది. దాని కింద గుడ్డ కూడా అరచేయి మేర తడిసి ఉంది. కొక్కెంలో చింతపండు పీచు ఇరుక్కుని ఉంది.

తిప్పి చూశాను. వెనక ఏడు గీతలు.

ముందు నర్సింహే నోరు విప్పాడు.

"అంటే... అమ్మనే తీసిందన్నట్టు."

వాడి చెంప పగలగొట్టబోయాను. చెయ్యి లేచింది కానీ ఆగిపోయింది. ఎందుకంటే వాడు అన్నది తప్పని ఎలా చెప్పను? నేనైనా ఇంకొకరి విషయంలో అదే అనేదాన్ని.

"తియ్యకపోతే యాడికెల్లి వచ్చిందే? రెక్కలొచ్చి ఎగిరొచ్చిందా?" అన్నాడు వాడు. "మన తాతను గట్ల వంగబెడుతుంటే సూస్కుంట ఊకున్నదా? దాస్కొని ఊకున్నదా అక్కా?"

"నువ్వు పెట్టినవా ఇది?"

"అమ్మ తోడు. నేను పెట్టలే."

వాడు అబద్ధమాడితే ఎడమకన్ను కొట్టుకుంటుంది, చిన్నప్పటి నుంచి. ఆ రోజు కొట్టుకోలేదు.

తర్వాత నేను చేయాల్సిందంతా చేశాను. తాళం కంపెనీ దుకాణంలో చూపించాను, బలవంతంగా తీసిన గుర్తు లేదన్నారు. ఖాజా భాయ్‌ని నిలదీశాను, పదకొండే అమ్మానని, పన్నెండోది ఉంటే ఎందుకు దాచుకుంటానని ఆయనే నా మీద కోప్పడ్డాడు. బిళ్ళను తూచాను, మిగిలినవాటి తూకానికి సరిపోయింది. అదే అచ్చు, అదే సింహం, దాని ఎడమచెవి దగ్గర అదే సొట్ట.

మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఒకాయనకు చెప్పాను. ఆయనా నాలాగే దేన్నీ నమ్మడు. అంతా విని చాలా మర్యాదగా అన్నాడు: "మేడమ్, అన్నిటికంటే సింపుల్ సమాధానం ఏంటంటే, అది ఎప్పుడూ మీ అమ్మగారి దగ్గరే ఉంది."

"ఎవరికి సార్ సింపుల్?" అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో టీ తాగడం తగ్గించాడు.

సరే, ఆ సమాధానాన్నే పట్టుకుందాం. అమ్మ దగ్గర ఉంది. కట్టుబట్టలతో మూడిళ్ళు మారిన మనిషి, అరవై అయిదేళ్ళు ఎక్కడ దాచింది? డిసెంబరులో పదకొండున్న పెట్టెలోకి చెవి లేకుండా ఎట్లా పెట్టింది? దుమ్ము చెదరకుండా ఎట్లా పెట్టింది? చనిపోయి పదకొండు రోజులైనాక అది ఎట్లా తడిగా ఉంది? ఆ సింపుల్ సమాధానం వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. అయినా జనం దాన్నే ఇష్టపడతారు. పేదింటి పిల్ల దొంగతనం చేసిందంటే నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కరలేదు. గడీ వాకిట్లో అప్పుడూ అక్కరలేదు.

ఆరోపణ వేసిన దొర లేడు, దొరసాని లేదు, ఆ బావి పూడిపోయింది. ఎవరి ముందు పెట్టాలి ఈ బిళ్ళను? నేను ఒక్కదాన్నే మిగిలాను. నేనూ వేశాను కదా ఆ నింద.

అప్పటి నుంచి ఏళ్ళు గడిచాయి. ఆ పదకొండు బిళ్ళలు గోధుమరంగుకు తిరిగి, అక్కడక్కడా చిలుము కూడా పట్టాయి. ఏడు గీతలది మాత్రం ఇంకా మొహం కనబడేటట్టే ఉంది. నేను తోమలేదు, తుడవలేదు. ఇత్తడి అలా ఉండదు. ఎందుకుందో నాకు తెలియదు.

దాన్ని రిజిస్టరులో చాలా రోజులు ఎక్కించలేదు. ప్రతి వస్తువుకూ ఒక గడి ఉంటుంది, ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి. తెలియదని రాయవచ్చు, మా పనిలో అది తప్పు కాదు. తెలియదని రాస్తే మాత్రం నా తర్వాత ఈ రిజిస్టరు చూసే ప్రతి తెలివైనవాడూ నర్సింహ అన్నమాటే అంటాడు.

దయ్యాలు లేవని నేను ఇరవై నాలుగేళ్ళు చెప్పాను. మా అమ్మ తియ్యలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పడానికి ఎంత ప్రయత్నించినా నాకు దారి దొరకలేదు. ఏదో ఒకటి వదులుకోవాలి.

పోయిన దసరాకు రిజిస్టరు తీసి ఆ గడి నింపాను. చనిపోయిన పదకొండో రోజున లచ్చమ్మ తెచ్చి ఇచ్చింది, లెక్క సరిపోయింది అని రాసి, కింద నా సంతకం పెట్టాను.